సముద్రపుటొడ్డున ఊరు కట్టాలంటే
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మాట్లాడబోయే విషయం చెప్పగానే మిత్రులొకరు నవ్వి, "గంపలగూడేనికి సముద్రమెక్కడండీ?" అన్నారు. నిజమే, అల చూడాలంటే మనం బందరు దాటి మంగినపూడి పోవాలి. అయితే 2022లో జిల్లాలు విడిపోయేదాకా మనమూ, దివిసీమా ఒకే కృష్ణా జిల్లా. అక్కడివారు ప్రాణాలు పోగొట్టుకుని నేర్చిన పాఠం మనకూ అక్కరకొస్తుందని నా మనవి.

1864 నవంబరులో ఉప్పెన వచ్చి బందరు ప్రాంతంలో సుమారు 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. నూట పదమూడేళ్ల తర్వాత, 1977 నవంబరు 19న, దివిసీమ మీద మళ్లీ అదే ఉప్పెన. ఐదారు మీటర్ల ఎత్తున నీరు మైళ్ల దూరం లోపలికి వచ్చింది. పదివేలమంది దాకా పోయారు. మట్టిగోడల తాటాకు ఇళ్లు ఆనవాలు లేకుండా కొట్టుకుపోయాయి. పక్కా మేడ, గుడి, బడి, ఏదో ఒక ఎత్తయిన కప్పు అందినవాడు బతికాడు. బతికినవాడికైనా తాగే నీరు ఉప్పన, పండే పొలం చవుడు!

తర్వాత ఊళ్లను మళ్లీ కట్టారు. ఆ ప్రాంతపు నాయకులు మండలి వెంకట కృష్ణారావుగారు సహాయానికి నడుం కట్టారు. ప్రభుత్వంతోపాటు రామకృష్ణ మిషన్, చర్చి సంస్థలు, ఇంకా ఎన్నో స్వచ్ఛంద సంఘాలు చేతులు కలిపాయి. పూరిళ్ల స్థానంలో పక్కా ఇళ్లు లేచాయి.

కానీ గోడలు లేపినంత మాత్రాన ఊరు కాదండీ. జాలరికి పడవ కంటికి కనబడాలి, వల ఆరబెట్టే చోటు దగ్గరుండాలి. పక్కా ఇల్లు ఒడ్డుకు దూరమైతే అతను వేటకోసం మళ్లీ ఒడ్డునే పాక వేసుకుంటాడు. బావి దూరమైతే ఆ బిందె మోసేది ఆడవాళ్లే. రోడ్డు లేకపోతే హెచ్చరిక విన్నా పారిపోయే దారి ఉండదు. ఇల్లు, పని, నీరు, దారి, ఈ నాలుగూ ఒక్కసారే ఆలోచిస్తే దాన్ని ప్లాను అనాలి.

ఉప్పెన తర్వాత తీరం పొడుగునా స్తంభాల మీద తుఫాను షెల్టర్లు లేచాయి. 1990 మే 9న అంతకు తీసిపోని తుఫాను దివిసీమ ప్రాంతాన్నే కొట్టింది. ముందుగా హెచ్చరించి లక్షన్నరకు పైగా జనాన్ని తరలించారు. పోయినవారు వెయ్యిలోపు. అదీ తక్కువ బాధ కాదు. అయినా 1977తో పోల్చి చూడండి, ముందుచూపు విలువ తెలుస్తుంది.

బంగ్లాదేశ్ అనుభవం ఇంకొకటి చెబుతుంది. అక్కడ 1991 తుఫానులో లక్షకు పైగా చనిపోయారు. వారిలో ఆడవాళ్లు, పిల్లలు ఎక్కువ. షెల్టరులో ఆడవాళ్లకు వేరే గది, మరుగుదొడ్డి లేకపోతే మన తల్లులు, అక్కచెల్లెళ్లు ఆ గుంపులోకి వెళ్తారా? గొడ్డును వదిలి రైతు వస్తాడా? ఆ తర్వాత కట్టినవాటిలో ఈ ఏర్పాట్ల మీద శ్రద్ధ పెరిగింది. కట్టేముందు ఇంటి ఇల్లాలిని అడగాలని దీని భావం.

ఇక మన సంగతి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అక్కడ సముద్రం లేదు. ఏరు పారే పల్లంలో మనిషి ఇల్లు కట్టుకున్నాడు, అంతే. మన కట్టలేరు కూడా వర్షాకాలంలో ఊరుకునే ఏరు కాదు.

కనుక చౌకగా వస్తుందని ఇళ్ల స్థలానికి బయానా ఇచ్చేముందు నాలుగు ప్రశ్నలు వేయండి. పెద్ద వానకు ఇక్కడ నీరు ఎంతవరకు వచ్చింది? తాగునీరు ఎక్కడ? పనికి ఎంత దూరం? అర్ధరాత్రి ముసలివాళ్లను మోసుకుని ఏ దారిన బయటపడతాం? మొదటి ప్రశ్నకు జవాబు కాగితంలో దొరకదు, ఆ చుట్టుపక్కల పశువులు కాసిన ముసలాయన దగ్గర దొరుకుతుంది. వెళ్లి అడగండి.

మన సంఘం చేసే సాయాలలో ఈ సలహా సాయం కూడా ఒకటి కావాలని కోరుతున్నాను.