మతిమరుపు – మన భాషలు – మన బాధ్యత
(మల్కాజ్‌గిరిలో పెద్దల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మన డయోసిస్ శతాబ్ది వేళ బడులను గురించి, ఆసుపత్రులను గురించి, కాలినడకన పల్లెలు తిరిగిన సువార్తికులను గురించి ఎందరో మాట్లాడుతారు. నాకు అప్పగించిన విషయము చిన్నది. నిన్నమొన్నటి వరకు మన పక్కన కూర్చొని కీర్తనలు పాడి, మెల్లగా గుడికి రావడము మానివేసిన పెద్దలను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. ఒక తల్లికి కుమార్తెగా చేసిన పొరపాటును, తరువాత చదివి తెలుసుకొన్న సంగతులను మీ ముందు ఉంచుతాను.

మా అమ్మ బడి ముఖము ఎరుగదు. నాన్నగారు రైల్వేలో పని చేసేవారు. క్వార్టర్సులో ఒక పక్క తమిళులు, మరొక పక్క ఉర్దూ మాట్లాడే కుటుంబము. ఇంట్లో తెలుగు, పంపు దగ్గర తమిళము, బజారులో ఉర్దూ – ఈ మూడూ అక్షరము రాకుండానే అమ్మకు వచ్చాయి. డెబ్బై ఆరవ ఏట పొయ్యి మీద పాలు మరచిపోవడముతో మొదలయింది. తరువాత అడిగినదే అడగడము, ఆ తరువాత ఆనంద్‌బాగ్ నుండి ఇంటికి వస్తూ దారి తప్పడము. ముసలితనము కదా అని ఊరుకున్నాము. ఒక ఆదివారము ప్రసంగము నడుస్తూ ఉండగా అమ్మ లేచి, "బియ్యము కడగాలి" అని పైకే చెప్పి బయలుదేరింది. కొందరు నవ్వారు. మరుసటి ఆదివారము నుండి ఆమెను ఇంట్లో ఉంచి, బయట తాళము వేసి ఆరాధనకు వచ్చాను. తెలిసినవారొకరు అది దురాత్మ పని అన్నారు. నేను కాదనలేదు. రెండేళ్లు ఏ డాక్టరుకూ చూపించలేదు. ఆ తప్పు ఎవరిదో కాదు, నాదే.

దీని పేరు డిమెన్షియా. ఇది దురాత్మ కాదు, విశ్వాసము సన్నగిల్లడమూ కాదు. మెదడు కణములు దెబ్బతినడము వలన వచ్చే జబ్బు. ఇందులో ఎక్కువగా కనిపించే రకమును 1906లో జర్మనీ దేశపు వైద్యుడు అలోయిస్ ఆల్‌జైమర్ మొదట వర్ణించినందున దానికి ఆయన పేరే నిలిచింది. మెదడుకు రక్తము సరిగా అందక వచ్చే రకము మరొకటి. మన దేశములో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతము మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నదని 2023లో వెలువడిన ఒక దేశవ్యాప్త అధ్యయనము అంచనా వేసింది. కాబట్టి ఇది ఏ ఒక్క ఇంటి రహస్యమూ కాదు, ఏ ఒక్క ఇంటి అవమానమూ కాదు.

ఇక, మన నగరములోనే జరిగిన ఒక పరిశోధనను గురించి చెప్పాలి. పంజాగుట్టలోని నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్, మనమందరము నిమ్స్ అని పిలిచే సంస్థలో, న్యూరాలజిస్టు డాక్టర్ సువర్ణ అల్లాడి గారు, వారి సహచరులు జ్ఞాపకశక్తి క్లినిక్కుకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరములను పరిశీలించారు. స్కాట్లండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయపు డాక్టర్ థామస్ బాక్ గారు కూడా ఇందులో పాల్గొన్నారు. ఆ రోగులలో 391 మందికి రెండు గాని అంతకంటె ఎక్కువ గాని భాషలు వచ్చు. జబ్బు లక్షణములు మొదట ఏ వయసులో కనిపించాయో లెక్క చూస్తే, ఒకే భాష తెలిసినవారి కంటె వీరిలో అవి సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యముగా మొదలయ్యాయి. ఈ ఫలితములు 2013 నవంబరులో 'న్యూరాలజీ' అనే వైద్య పత్రికలో ప్రచురితమయ్యాయి.

అంతకు ముందే 2007లో కెనడాలోని టొరంటో నగరములో ఇటువంటి ఫలితమే వచ్చింది. అయితే అక్కడ రెండు భాషలు వచ్చినవారిలో ఎక్కువ మంది వలస వచ్చినవారు. తేడాకు కారణము భాషయా, వలసయా, చదువా అని పండితులు సందేహించారు. మన నగరములో ఆ చిక్కు లేదు. ఇక్కడ పుట్టి ఇక్కడ పెరిగినవారే తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు మాట్లాడుతారు. చదువుకొన్నవారే కాదు, కూలి పని చేసుకొనేవారూ మాట్లాడుతారు. చదవను వ్రాయను రానివారిని వేరుగా చూసినప్పుడు, వారిలో ఆ తేడా ఆరు సంవత్సరాలు ఉన్నది! నిశాని వేసే మన అవ్వలు బజారులో, పంపు దగ్గర సంపాదించుకొన్న భాషలను చదువు కింద మనము ఎన్నడూ లెక్కించలేదు. వైద్యులు లెక్కించారు.

అదే సంస్థలో పక్షవాతము వచ్చిన 608 మందిని కూడా పరిశీలించారు. తరువాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు, రెండు మూడు భాషలు వచ్చినవారిలో 40.5 శాతము, ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతము.

ఇది ఎట్లా జరుగుతుంది? రెండు భాషలు వచ్చినవారు నోరు తెరిచిన ప్రతిసారీ ఒక భాషను ఎన్నుకొని, రెండవదానిని ఆపి ఉంచాలి. తెలియకుండానే మెదడుకు రోజంతా అది వ్యాయామము. మన రైల్వేవారికి అర్థమయ్యేటట్లు చెప్పాలంటే, మెయిన్ లైను చెడిపోయినా లూప్ లైను ఉంటే బండి కొంత కాలము నడుస్తుంది. పట్టా పాడవడము ఆగదు. బండి ఆగడము ఆలస్యమవుతుంది. వైద్యులు చేసే వివరణ సుమారుగా ఇదే.

ఒక హెచ్చరిక కూడా అవసరము. రెండు భాషలు వస్తే జబ్బు రాదని దీని అర్థము కాదు. ఆ 391 మందికీ జబ్బు వచ్చిందిగదా! ఇతర దేశాలలో జరిగిన అధ్యయనములన్నీ ఒకే మాట చెప్పలేదు కూడా. మా అమ్మకు ఆ ఆరేళ్లు దక్కాయో లేదో ఎవరూ చెప్పలేరు. కాని చివరి నెలలలో నా పేరు మరచిపోయిన అమ్మ, పక్కింటి తమిళ ఆవిడ వచ్చి పలకరిస్తే తమిళములోనే జవాబు చెప్పేది. ఇంట్లో తాళము వేసి ఉంచిన రెండేళ్లలో ఆమెతో ఏ భాషలోనూ మాట్లాడేవారు లేరు. ఆ సంగతి తలచుకొన్నప్పుడు నాకు నిద్ర పట్టదు.

కనుక మనము చేయదగిన పనులు కొన్ని మనవి చేస్తాను.

మొదటిది, మరపును దాచవద్దు. డబ్బు లెక్క తప్పడము, తెలిసిన దారి మరచిపోవడము, స్వభావము మారడము కనిపిస్తే డాక్టరుకు చూపించండి. విటమిన్ బి12 లోపము, థైరాయిడ్, మనోవ్యాకులత వలన కూడా మరపు వస్తుంది. వీటికి చికిత్స ఉన్నది. ప్రార్థన చేయండి, ఆసుపత్రికీ వెళ్లండి. ఆసుపత్రులు కట్టిన సంఘమునకు ఈ రెండింటికీ విరోధము లేదని వేరే చెప్పనక్కరలేదు.

రెండవది, రక్తపోటు, చక్కెర, చెవుడు, చూపు – వీటిని నిర్లక్ష్యము చేయవద్దు. పొగ, మద్యము మానాలి. ఇటువంటి 14 కారణములను సరిదిద్దగలిగితే ప్రపంచములో సుమారు 45 శాతము డిమెన్షియాను నివారించవచ్చు లేక ఆలస్యము చేయవచ్చునని 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘము తెలిపింది. ఆ కారణములలో ఒంటరితనము కూడా ఒకటి. దానికి మందు ఫార్మసీలో దొరకదు, సంఘములో దొరుకుతుంది.

మూడవది, యౌవనస్థులకు. ఇంగ్లీషు నేర్చుకోండి, తప్పులేదు. కాని దాని కోసము ఇంట్లో తెలుగు మానిపించడము ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో తీసుకోవడమే. నానమ్మతో, అమ్మమ్మతో వారి భాషలో రోజూ పావుగంట కూర్చొని మాట్లాడండి. అది మీకూ మేలు, వారికీ మేలు.

నాలుగవది, ఆరాధన మధ్యలో ఎవరైనా పెద్దావిడ లేచి మాట్లాడితే నవ్వకండి. పక్కన ఉన్నవారు చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టండి. వచ్చే ఆదివారము ఆమె కనిపించకపోతే ఆ ఇంటి తలుపు తట్టండి. సలహా కావలసినవారు పెద్దల కొరకు ప్రభుత్వము నడుపుతున్న 14567 నంబరుకు ఫోను చేయవచ్చును.

పెంతెకొస్తు దినమున ఆత్మ దిగివచ్చినప్పుడు ప్రజలందరినీ ఒకే భాషలోనికి మార్చలేదు; ఎవరి భాషలో వారికి వినిపించింది. మన ముసలి తల్లిదండ్రులకు కూడా వారి భాషలో, వారికి మిగిలిన ఆ కొద్ది మాటలలోనే, ప్రేమ వినిపించవలసి ఉన్నది. నేను ఆలస్యముగా నేర్చుకొన్నాను. మీరు ఆలస్యము చేయవద్దని నా మనవి.

దేవుడు మన పెద్దలను, వారిని కనిపెట్టుకొని ఉన్నవారిని దీవించును గాక. ఆమేన్.