మాత్రా కావాలి, కేసూ కావాలి
(సంగారెడ్డిలో కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాయితీలో కూర్చున్న ప్రతిసారీ నాకు వినబడే మాట ఒకటుంది. "ఆమెకు దిమాగ్ సరిగ్గ లేదు మేడం, ఈ చీటీ చూడుండ్రి." భర్త జేబులోంచి డాక్టర్ చీటీ తీస్తాడు. ఇక దెబ్బల సంగతి ఎవరూ ఎత్తరు. అందుకే మెదడు రసాయనాల గురించి మనమూ కొంత తెలుసుకోవాలి.

మెదడులో ఒక కణం నుంచి మరో కణానికి కబురు మోసే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి. 1976లో స్వీడన్‌లో మేరీ ఓస్‌బెర్గ్, ఆమె తోటి వైద్యులు డిప్రెషన్ రోగుల వెన్నులోంచి తీసిన ద్రవాన్ని పరీక్షించారు. సెరటోనిన్ విరిగితే మిగిలే పదార్థం తక్కువగా ఉన్నవారిలో ఆత్మహత్యా ప్రయత్నాలు ఎక్కువగా కనిపించాయి. అయితే 2022లో జోవన్నా మాంక్రీఫ్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసి, సెరటోనిన్ తగ్గడమే డిప్రెషన్‌కు కారణమనడానికి గట్టి ఆధారం లేదంది. అలాగని మందులు వృథా అనుకోకండి. చాలామందికి పనిచేస్తాయి. గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ వారాల్లో మనిషిని ఒంటరిగా వదలకూడదు, డాక్టర్‌ను అడగకుండా మాత్రలు ఆపకూడదు.

మన పటాన్‌చెరు సంగతే చూడండి. దాదాపు 90 మందుల కంపెనీల మురుగు చేరే శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిని జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ప్రచురించింది. అందులో లీటరుకు 770 నుంచి 840 మైక్రోగ్రాముల సిటలోప్రామ్ ఉంది. అది డిప్రెషన్ మందే! "అయితే ఆ వాగు నీళ్లు తాగితే బాధ తగ్గుతదా అక్కా?" అని ఒక చెల్లెలు నవ్వుతూ అడిగింది. నాకు నవ్వు రాలేదు. వాగు ఒడ్డు ఊళ్లలోని ఆడవాళ్లు అదే మాత్ర కోసం ఎన్ని బస్సులు మారాలో మీకు తెలుసు.

ఇక చట్టం. 498-ఎ స్థానంలో 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు వచ్చాయి. స్త్రీని ఆత్మహత్యకు నెట్టేలా, ఆమె శారీరక లేదా మానసిక ఆరోగ్యాన్ని తీవ్రంగా దెబ్బతీసేలా కావాలని ప్రవర్తించడం క్రూరత్వమే. అంటే భర్త చూపించిన చీటీ మన కేసుకూ ఆధారం కావచ్చు. అలాగే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉందనే భావించాలి. ఆమెకు వైద్యం, పునరావాసం చూడడం ప్రభుత్వ బాధ్యత. స్టేషన్‌లో ఎవరైనా ఆమెనే బెదిరిస్తే ఈ సెక్షన్ చూపండి.

ఈసారి భర్త చీటీ తీస్తే మీరూ చేతిలోకి తీసుకోండి. దాని మీద తేదీ చూడండి. దెబ్బలు ఎప్పుడు మొదలయ్యాయో ఆమెను పక్కకు పిలిచి అడగండి. టెలి మానస్ నంబరు 14416 కూడా ఆమెకు రాసివ్వండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.