గాంధారి ఖిల్లా బాట

కొండలెక్కుట యనగానే మన మనస్సు హిమాలయములకు పరుగెత్తును. మేము అంత దూరము పోలేదు. జైపూరులో 2016లో ప్రారంభమైన 1,200 మెగావాట్ల విద్యుత్కేంద్రమును వెనుక విడిచి, మంచిర్యాల మీదుగా మందమర్రి వైపు సాగి, బొక్కలగుట్ట అను గ్రామము చేరితిమి. అక్కడినుండి కాలిబాటయే. అడవిలో టేకు, మద్ది, తునికి చెట్లు. వానిపైన గాంధారి ఖిల్లా.

మాలో ఒకరు బొగ్గుగనిలో చిరకాలము పనిచేసినవారు. వంగిన బండ క్రిందికి పోవునప్పుడెల్ల చేతికర్రతో దానిని తట్టి, చెవి యొగ్గి వినెడివారు. గనిలో పైకప్పును అట్లే పరీక్షింతురట! మొదట నవ్వితిమి, పిమ్మట ఆయన వెనుకనే నడచితిమి.

దారి సన్నగిలి, బండల నడుమ రాతిని తొలిచిన మెట్లుగా మారును. పైన కోట ద్వారములు, బండపై చెక్కిన శిల్పములు, మైసమ్మ సన్నిధి యున్నవి. మాఘమాసమున నాయకపోడులు ఇచట జాతర చేసికొందురు. ఈ బాట పూడిపోక నిలుచుటకు ఆ భక్తుల పాదములే ముఖ్యకారణమని మా యభిప్రాయము. కోట కట్టినవారి తెలివి గోడలలో కంటె రాతిలో తొలిచిన బావులలో ఎక్కువగా కనబడినది. నీరు లేని కొండపై ఎంత గోడ కట్టిన నేమి?

ఆ మాట మాకు దిగునపుడు బోధపడినది. మెట్లదారి విడిచి అడ్డదారి పట్టితిమి. గంటలోనే దారి తప్పితిమి. సీసాలలో నీరు నిండుకొన్నది. మాలో చిన్నవాడు తల తిరుగుచున్నదని కూలబడెను. అప్పుడొక పసులకాపరి ఎదురై, "ఎటు బోతున్రు సారూ? ఇటు బాట లేదు. పసుల అడుగులు వట్టుకొని రార్రి, వాగు దొరుకుతది" అనెను. వాగు ఎండియున్నది. ఆయన ఇసుకలో మోచేతిలోతు గుంట తీసెను. చెలిమెలో నీరు మెల్లగా ఊరెను. చిన్నవానికి మొదట త్రాగించి, తరువాత మేము త్రాగితిమి.

గని మిత్రుడు నీటిని చూచి, "మాకు కిందికి దిగితే ఇదే నీళ్లతోని తంటా. పంపులు పెట్టి తోడి పారబోస్తిమి" అనెను. గోదావరిలోయలోని ఇసుకరాయి నీటిని పీల్చి నిలుపుకొనును. ఆ లోయ పొరలలోనే 25 కోట్ల యేండ్లకు పైబడిన బొగ్గున్నది.

పోదలచిన శ్రోతలు కార్తిక మాఘముల నడుమ పోవుట మేలు. ఎండలు ముదిరినచో బండ కాలును. ఇప్పపూలు రాలు వేళ ఎలుగుబంట్లు తిరుగును. మనిషికి మూడు లీటర్లకు తక్కువ కాకుండ నీరు మోయవలెను, మెట్లదారి విడువరాదు. ఈ జిల్లాలోనే జన్నారము వైపున్న అడవి 2012లో కవ్వాల పులుల అభయారణ్యమైనది. అటు అటవీశాఖ అనుమతి లేక అడుగిడరాదు.

కాపరికి డబ్బీయబోతిమి. పుచ్చుకొనలేదు, బీడీ యున్నదా అని అడిగెను. మాలో ఎవరికిని ఆ యలవాటు లేకపోయెను.