క్యాసెట్లలోని మనవాళ్ళు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఢిల్లీ ఏషియాడ్ సమయానికి మన దేశంలో రంగుల టీవీ వచ్చింది. ఆ తరువాత వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని, ఇరుగుపొరుగులతో కలసి తెల్లవార్లూ సినిమాలు చూసిన రోజులు మీకు జ్ఞాపకమే. ఆ పెట్టెల వెనుక జపానులో పెద్ద పోటీయే నడిచింది. సోనీ కంపెనీ 1975లో బీటామాక్స్ తెస్తే, మరుసటి సంవత్సరం జేవీసీ కంపెనీ వీహెచ్‌ఎస్ తెచ్చింది. రెండింటిలోనూ అరంగుళం టేపే. కాని ఒకదాని క్యాసెట్ రెండోదానిలో పట్టదు. మొదట్లో బీటాలో గంటసేపు, వీహెచ్‌ఎస్‌లో రెండు గంటలసేపు రికార్డు చేసుకునే వీలుండేది. బొమ్మ బీటాలోనే బాగుంటుందని చాలామంది అనేవారు. అయినా అనేక కంపెనీలు చేపట్టడంతో వీహెచ్‌ఎస్ ఊరూరా వ్యాపించింది. 1988లో సోనీ కూడా వీహెచ్‌ఎస్ యంత్రాల తయారీకి దిగింది.

పోనీ, గెలిచినదైనా నిలిచిందా? డీవీడీ వచ్చి దాన్నీ పక్కకు నెట్టింది. 2016 మార్చిలో సోనీ బీటా క్యాసెట్ల తయారీ నిలిపివేసింది. అదే ఏడు జూలైలో, వీసీఆర్లు తయారుచేస్తూ మిగిలిన ఫునాయ్ కంపెనీ కూడా ఆపివేసింది. ఓడినవారు, గెలిచినవారు ఒకే ఏడాది పదవీ విరమణ చేశారన్నమాట!

ఇందులో మనకేమిటి సంబంధం అంటారేమో. మన బీరువాల్లో పిల్లల పెళ్ళి క్యాసెట్లున్నాయి. వాటిలో కాలం చేసిన మన తల్లిదండ్రులు నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు. కొందరి గొంతు మరెక్కడా లేదు. టేపు అంటే పల్చని ప్లాస్టిక్ మీద జిగురుతో అంటించిన అయస్కాంతపు పొడి. తేమకు ఆ జిగురు చెడుతుంది, బూజు పడుతుంది. టేపు బాగున్నా, వేసి చూడడానికి యంత్రం దొరకాలి గదా!

మన ఉద్యోగ జీవితంలో ఫైలు ముగిసినప్పుడు ఆర్.డిస్. అని వేస్తే శాశ్వతంగా ఉంచాలని అర్థం. కాని ముద్ర వేసినంతలో కాగితం శాశ్వతం కాలేదు. రిజిస్టరు చిరిగిపోతుంటే కొత్తదానిలోకి ఎత్తిరాశాం, సరిచూసి సంతకం చేశాం. క్యాసెట్లకూ అదే పద్ధతి.

ముందుగా ఉన్న క్యాసెట్లకు జాబితా రాయండి. బూజు పట్టినవాటిని ఇంట్లో వేసి చూడకండి, తెలిసినవారికి అప్పగించండి. మిగిలినవాటిని కంప్యూటరులోకి ఎక్కించండి. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టవద్దు. ఒక ప్రతి మీ దగ్గర, మరొకటి వేరే ఊళ్ళో ఉన్న పిల్లల దగ్గర ఉంచండి. అసలు క్యాసెట్ పారవేయకండి. హార్డ్ డిస్కూ శాశ్వతం కాదు. ఏడాదికొకసారి తెరచి చూసుకుని, కొన్నేళ్ళకొకసారి కొత్తదానిలోకి మార్చాలి.

ఇంకొక్క మాట. ఎక్కించే పని కుర్రవాళ్ళు చేస్తారు. పందిట్లో కూర్చున్న ఆ పెద్దావిడ ఎవరు, ఏ ఊరు, ఏమి వరస అన్నది మనమే చెప్పాలి. పక్కన కూర్చుని పేర్లు రాయించండి. ఆ పని మన తరువాత చేయగలవారు లేరు.