కొవ్వూరు కంద కథ

'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అంటాం. దురద మాత్రం కందలోనే ఉంది. గుజ్జులోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సన్నని సూదుల్లా గొంతులో, చేతుల్లో గుచ్చుకుంటాయి. కంద బచ్చలి కూరలో మన అమ్మలు చింతపండు పులుసు పోసేది రుచికే కాదు, ఆ దురదకు విరుగుడుగా కూడా.

ఈ చిక్కుకు జవాబు గోదావరి గట్టునే దొరికింది. కొవ్వూరు పరిశోధనా స్థానంలో శాస్త్రవేత్తలు స్థానిక కందల్లోంచి మేలైనదాన్ని ఏరి, 1990ల తొలినాళ్లలో 'గజేంద్ర' రకంగా అందించారు. దురద దాదాపు ఉండదు. సాగు బాగుంటే హెక్టారుకు 40 టన్నులు దాటి దిగుబడినిస్తుంది. అందుకే ఇది ఇతర రాష్ట్రాల పొలాలకూ చేరింది.

గజేంద్రకు పిల్లదుంపలు రావు. పెద్ద దుంపనే కోసి విత్తనం చేసుకోవాలి. రైతు సోదరులారా, ప్రతి ముక్కకూ నడి మొగ్గలో కొంత భాగం ఉండేలా, అర కిలో నుంచి కిలో వరకు తూగేలా కోయండి. చిక్కటి పేడనీళ్లలో ముంచి, నీడన ఆరబెట్టి నాటండి. కుళ్లిన దుంపను విత్తనానికి వాడకండి.

మన ఊరి మట్టిలోని దుంప దేశానికి విత్తనమైంది. ఆ పరిశోధనను కాపాడుకుందాం.