ఆ కీచు శబ్దం ఎవరిది? వాక్యూమ్ ట్యూబ్‌లో మోర్స్ సిగ్నల్ పుట్టిన కథ

ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లు వాల్యూమ్ కొంచెం తగ్గించుకోండి. ముందే చెప్తున్నా, తర్వాత కామెంట్స్‌లో తిట్టొద్దు.

[మైక్ కీచుమన్న శబ్దం]

విన్నారు కదా? మనందరికీ బాగా తెలిసిన సౌండే. ఫంక్షన్ హాల్లో బాబాయ్ ఒకాయన మైక్ తీసుకుంటాడు, మాట్లాడుతూ మాట్లాడుతూ స్పీకర్ బాక్స్ ముందుకి వెళ్లిపోతాడు. అంతే, 'కూయ్‌య్' అని ఒకటే మోత. పిల్లలు చెవులు మూసుకుంటారు, సౌండ్ సిస్టమ్ కుర్రాడు పరిగెత్తుకెళ్లి వాల్యూమ్ తగ్గిస్తాడు.

ఒక్క క్షణం ఆలోచించండి. అక్కడ 'కూ' అని అరిచింది ఎవరు? బాబాయ్ కాదు. ఆయన నోరు మూసుకున్నా ఆ మోత ఆగదు. స్పీకర్‌లో వచ్చింది మైక్ వింది, మైక్ విన్నది ఆంప్లిఫైయర్ పెంచింది, పెరిగింది మళ్లీ స్పీకర్‌లో వచ్చింది. అలా తిరిగి తిరిగి, ఎవరూ పాడని పాట ఒకటి తయారైంది. 1912 ప్రాంతంలో సరిగ్గా ఇదే గోల ఒక గాజు బల్బులో వినిపించింది. విన్నవాళ్లలో కొందరు విసుక్కున్నారు. ఒక కుర్రాడు మాత్రం ఎందుకు వస్తోందో కనుక్కునేదాకా వదల్లేదు. ఈ రోజు కథ అదే.

ముందు అప్పటి పరిస్థితి చెప్పాలి. మార్కోని, టైటానిక్, ఆ కాలం రేడియోలన్నీ స్పార్క్ మీద నడిచేవి. నిప్పురవ్వ. రెండు లోహపు గుండ్ల మధ్య పెద్ద వోల్టేజ్‌తో చిటపటమని రవ్వ కొట్టించి, దాన్ని కాయిల్, కెపాసిటర్ ఉన్న సర్క్యూట్‌కి ఇచ్చేవాళ్లు. కాయిల్, కెపాసిటర్ కలిస్తే ఊయల లాంటిది. ఒకసారి తోస్తే కరెంటు అటూ ఇటూ ఊగుతుంది. ఎంత వేగంగా ఊగాలన్నది ఆ కాయిల్, కెపాసిటర్ సైజుని బట్టి ఉంటుంది, అదే మన ఫ్రీక్వెన్సీ.

కానీ తోసి వదిలేసిన ఊయల ఆగిపోతుంది కదా. స్పార్క్ కూడా అంతే. ఢామ్మని ఒక తోపు, నాలుగు ఊపులు ఊగి చల్లారిపోవడం, మళ్లీ ఇంకో తోపు. సెకనుకి కొన్ని వందల సార్లు ఇదే పని. ఇలా ఊగి చచ్చే అలలో రెండు సమస్యలున్నాయి. ఒకటి, పవర్ అంతా ముక్కలు ముక్కలుగా పోతుంది. రెండోది ఇంకా ఘోరం, ఒక్క ఫ్రీక్వెన్సీ మీద నిలవదు, చుట్టుపక్కల అంతా పరుచుకుంటుంది. ఒక ఊళ్లో ఇద్దరు స్పార్క్ ఆపరేటర్లు ఒకేసారి కీ నొక్కితే ఇద్దరి మాటా ఎవరికీ అర్థం కాదు.

కావాల్సింది ఆగకుండా, ఒకే ఎత్తులో ఊగే అల. కంటిన్యూయస్ వేవ్, పొట్టిగా సీడబ్ల్యూ. దీనికి వేరే దార్లు కూడా ఉన్నాయి. డెన్మార్క్‌లో పౌల్సన్ ఆర్క్ చేశాడు. అమెరికాలో అలెగ్జాండర్సన్ ఏకంగా కరెంటు జనరేటర్‌నే విపరీతమైన స్పీడుతో తిప్పి రేడియో అలలు పుట్టించాడు. అలాంటి మెషీన్ ఒకటి స్వీడన్‌లో గ్రిమెటన్ అనే చోట ఇప్పటికీ పనిచేస్తుంది, 17.2 కిలోహెర్ట్జ్ మీద. వీడియో దొరికితే చూడండి, టన్నుల ఇనుము తిరుగుతుంటే వచ్చే ఆ శబ్దం వేరే లెవెల్. కానీ ఇనుమును ఎంతని తిప్పుతాం? లక్షల హెర్ట్జ్ దాకా వెళ్లాలంటే తిరిగేది ఇనుము కాకూడదు.

ఇక్కడికి మన గాజు బల్బు వస్తుంది. 1906లో లీ డి ఫారెస్ట్ అనే అమెరికన్ ఆడియాన్ అని ఒక ట్యూబ్ చేశాడు. లోపల మూడే మూడు భాగాలు. వేడెక్కి ఎలక్ట్రాన్లు వదిలే ఫిలమెంట్, వాటిని లాక్కునే ప్లేట్, మధ్యలో జల్లెడ లాంటి గ్రిడ్. గ్రిడ్ మీద చిన్న వోల్టేజ్ మార్పు చేస్తే ప్లేట్ కరెంటులో పెద్ద మార్పు వస్తుంది. పంట కాలువ మీద తూము తలుపు అనుకోండి. ఒక చేత్తో తలుపు కొంచెం కదిపితే మడి నిండా నీళ్లు. తిప్పే చేతి బలం వేరు, పారే నీటి బలం వేరు.

ఇక్కడో తమాషా ఉంది. చేసినాయనకే అది ఎలా పనిచేస్తుందో సరిగ్గా తెలీదు. లోపల కాస్త గ్యాస్ మిగిలి ఉండాలి, దానివల్లే పని జరుగుతోంది అనుకునేవాడు. నిజానికి గ్యాస్ అడ్డం. ఆ తర్వాత లాంగ్‌మ్యూర్, ఆర్నాల్డ్ లాంటివాళ్లు గాలి పూర్తిగా లాగేశాకే ట్యూబ్ నమ్మకంగా పనిచేసింది.

ఇప్పుడు ఆ కుర్రాడు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్, కొలంబియా యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ స్టూడెంట్. 1912లో వయసు 21. అంటే మన బీటెక్ ఫైనల్ ఇయర్ ఏజ్. న్యూయార్క్ పక్కన యాంకర్స్‌లోని ఇంట్లో ఆడియాన్ పెట్టుకుని ప్రయోగాలు చేసేవాడు. ఆయన చేసింది ఏంటంటే, ప్లేట్ దగ్గర పెరిగి బయటికొచ్చే సిగ్నల్‌లో కొంత భాగాన్ని ఒక కాయిల్ ద్వారా మళ్లీ గ్రిడ్ వైపుకి పంపాడు. దూరపు స్టేషన్లు ఒక్కసారిగా గట్టిగా వినపడ్డాయి. ఇంకా దగ్గరికి జరిపితే, ఒక పాయింట్ దాటాక ట్యూబ్ ఈల వేయడం మొదలుపెట్టింది. మన బాబాయ్ మైక్ లాగానే.

ఆ ఈల అంటే ఏంటో ఆయనకి అర్థమైంది. ట్యూబ్ ఇక రిసీవర్ కాదు. అదే సొంతంగా అలలు పుట్టిస్తోంది. అంటే ట్రాన్స్‌మిటర్.

కొంచెం లోపలికి వెళ్దాం, భయపడకండి, ఫార్ములా పెట్టను. కాయిల్, కెపాసిటర్ ఊయల గ్రిడ్ దగ్గర ఉంది. అది ఊగినప్పుడల్లా గ్రిడ్ వోల్టేజ్ మారుతుంది, ప్లేట్ కరెంటు అదే తాళంలో పెద్దగా మారుతుంది. ఆ కరెంటు ఇంకో చిన్న కాయిల్ గుండా పోతూ ఊయలకి మళ్లీ ఒక తోపు ఇస్తుంది. ఆ చిన్న కాయిల్‌ని టిక్లర్ అంటారు, చక్కిలిగిలి పెట్టేది అని. ఇంజనీర్లు పెట్టిన పేర్లలో నాకు బాగా నచ్చింది ఇదే.

తోపు ఎప్పుడు పడుతుందన్నదే అసలు విషయం. ఊయల వెనక్కి వచ్చి ముందుకి వెళ్లబోతున్నప్పుడు తోస్తే ఎత్తుగా పోతుంది. మీ వైపు వస్తుండగా తోస్తే ఆగిపోతుంది. టిక్లర్ వైర్లు రెండూ తారుమారుగా కలిపితే జరిగేది ఈ రెండోదే. అన్నీ కరెక్టే, కానీ ట్యూబ్ ఉలకదు పలకదు.

ఇది నాకు పుస్తకంలో తెలియలేదు. నేను ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిన బాపతు, మీలో చాలామంది అదే బ్యాచ్ అని నాకు తెలుసు. సెకండ్ ఇయర్ ల్యాబ్‌లో హార్ట్‌లీ ఆసిలేటర్ ఎక్స్‌పెరిమెంట్. సీఆర్‌ఓ మీద గీత గీతలాగే ఉంది, సైన్ వేవ్ లేదు. గంటసేపు చూసి, సీనియర్ రికార్డులోంచి రీడింగ్స్ ఎక్కించేశాను. వైవాలో కండిషన్ గడగడా చెప్పేశాను, మార్కులు కూడా వచ్చాయి. ఈ మధ్య వీడియో కోసం పాత ట్యూబ్‌తో అదే తరహా సర్క్యూట్ కట్టినప్పుడు మళ్లీ అదే గీత. అప్పుడు కాయిల్ వైర్లు రెండూ అటూ ఇటూ మార్చా. గీత ఒక్కసారిగా సైన్ వేవ్ అయిపోయింది. ఏడేళ్ల కిందట బట్టీ పట్టిన వాక్యానికి అర్థం అప్పుడు తెలిసింది.

ఇంకో డౌట్ రావాలి మీకు. ప్రతిసారీ తోస్తూ పోతే ఊపు పెరుగుతూనే ఉండాలి కదా, ఎక్కడ ఆగుతుంది? గ్రిడ్ దగ్గర ఒక చిన్న కెపాసిటర్, పెద్ద రెసిస్టర్ పెడతారు, గ్రిడ్ లీక్ అంటారు. ఊపు బాగా పెరిగినప్పుడు గ్రిడ్ పాజిటివ్ వైపుకి వెళ్లి కొన్ని ఎలక్ట్రాన్లను తానే పట్టేసుకుంటుంది. అవి పోగై గ్రిడ్‌ని నెగటివ్ వైపుకి లాగుతాయి, తోపు బలం తగ్గుతుంది. ఊపు తగ్గితే అవి కారిపోతాయి, తోపు మళ్లీ పెరుగుతుంది. తనని తానే అదుపులో పెట్టుకుంటుంది. వందేళ్ల కిందట, ఒక రెసిస్టర్‌తో.

ఇక మోర్స్. కీ నొక్కితే ట్యూబ్ ఊగుతుంది, వదిలితే ఆగుతుంది. డాట్ అంటే కొంచెంసేపు అల, డ్యాష్ అంటే దానికి మూడింతలు. నిమిషానికి 20 పదాల స్పీడులో ఒక డాట్ సెకనులో 6 శాతం ఉంటుంది. 230 మీటర్ల అల అయితే సెకనుకి సుమారు 13 లక్షల ఊపులు. అంటే ఒక్క డాట్‌లో దాదాపు 78 వేల ఊపులు, ఒక్కటీ చిన్నబోకుండా.

వినడానికి బాగుంది కానీ దీంట్లో ఒక చిక్కుంది. స్పార్క్ అయితే సెకనుకి వందల రవ్వలు కాబట్టి హెడ్‌ఫోన్‌లో బర్రుమని వినపడేది. ఈ నున్నటి అల పాత రిసీవర్‌లో వినపడదు. మొదట్లో ఒక టిక్, చివర్లో ఒక టిక్, మధ్యలో నిశ్శబ్దం. దానికి మందు రెజినాల్డ్ ఫెసెండెన్ 1901లోనే చెప్పాడు. వచ్చే అల 1304 కిలోహెర్ట్జ్ అనుకోండి, రిసీవర్ దగ్గర 1305 కిలోహెర్ట్జ్‌తో ఇంకో అల పుట్టించి రెండూ కలిపితే, తేడా 1 కిలోహెర్ట్జ్ చెవికి ఈలగా వినిపిస్తుంది. అప్పట్లో ఆ రెండో అల పుట్టించడానికి సులువైన సాధనం లేదు. ఇప్పుడు ఉంది, అదే ట్యూబ్. అటు పంపేదీ అదే, ఇటు వినిపించేదీ అదే.

నేరుగా ఆసిలేటర్‌నే యాంటెన్నాకి కడితే ఇంకో తలనొప్పి. గాలికి యాంటెన్నా వైరు ఊగితే ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. కీ నొక్కగానే వోల్టేజ్ పడితే 'టీ' అనాల్సింది 'టియూ' అని పిట్ట కూతలా వస్తుంది. దానికి పరిష్కారం, చిన్న ట్యూబ్ ఒకటి ఊగడం మాత్రమే చూసుకుంటుంది, దాని వెనక పెద్ద ట్యూబులు బలం పెంచి యాంటెన్నాకి ఇస్తాయి.

దీని సత్తా 1921 డిసెంబర్‌లో తేలింది. అమెరికా అమెచ్యూర్ల సంఘం పాల్ గాడ్లీ అనే ఆయన్ని స్కాట్లాండ్ పంపింది. ఆర్డ్రోసన్ అనే ఊరి దగ్గర, చలికాలంలో, తడి పొలంలో టెంట్ వేసుకుని రిసీవర్ ముందు కూర్చున్నాడు. అట్లాంటిక్ అవతల కనెటికట్‌లోని గ్రీనిచ్‌లో ఆరుగురు కలిసి 1బీసీజీ అనే స్టేషన్ కట్టారు. ఒక ట్యూబ్ ఆసిలేటర్, మూడు ట్యూబుల ఆంప్లిఫైయర్, పవర్ 1 కిలోవాట్ లోపే, అల 230 మీటర్లు. ఇంత పొట్టి అలలు దూరం పోవని అప్పట్లో అనుకునేవాళ్లు. అక్కణ్ణుంచి సుమారు 5,000 కిలోమీటర్లు దాటి ఆ సిగ్నల్ టెంట్‌లోకి వచ్చింది. అభినందనలు చెప్తూ ఆరుగురి ఇంటిపేర్లతో ఒక పూర్తి మెసేజ్ కూడా అందింది. స్పార్క్ స్టేషన్లు కూడా కొన్ని వినపడ్డాయి, కానీ వినపడ్డవాటిలో ఎక్కువ ట్యూబువే. ఆ తర్వాత స్పార్క్ గురించి వాదించేవాళ్లు తగ్గిపోయారు.

ఆ ఆరు పేర్లలో ఒకటి ఆర్మ్‌స్ట్రాంగ్.

మరి ఇది కనిపెట్టింది ఎవరు? నలుగురు కోర్టుకెక్కారు. ఆర్మ్‌స్ట్రాంగ్, డి ఫారెస్ట్, లాంగ్‌మ్యూర్, జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీ మైస్నర్. మైస్నర్ 1913లోనే ట్యూబ్ ఆసిలేటర్‌తో బెర్లిన్ నుంచి 36 కిలోమీటర్ల అవతల నౌయెన్‌కి మాట పంపాడు, ఆయన్ని తక్కువ చేయలేం. కానీ అసలు పోరు మొదటి ఇద్దరిదే. ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర 1913 జనవరి 31న నోటరీ చేయించిన సర్క్యూట్ బొమ్మ ఉంది. డి ఫారెస్ట్ దగ్గర 1912 ఆగస్టు నాటి ల్యాబ్ నోట్‌బుక్ ఉంది, టెలిఫోన్ ఆంప్లిఫైయర్ మీద పనిచేస్తుంటే ఈల వచ్చిందని అందులో రాసుంది. అప్పట్లో అది వాళ్లకి వదిలించుకోవాల్సిన గోల. ఏళ్ల తర్వాత అదే సాక్ష్యమైంది. 1928లో ఒకసారి, 1934లో ఇంకోసారి అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ వైపే చెప్పింది.

చట్టం ప్రకారం తేదీ ముఖ్యం, ఒప్పుకుంటా. అయినా నాకు ఆ తీర్పు మింగుడు పడదు. సీఆర్‌ఓ ముందు కూర్చుని రీడింగ్స్ కాపీ కొట్టినోణ్ణి కాబట్టి, చూడటానికీ తెలుసుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో నాకు తెలుసు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆడియాన్‌ని కొలిచి, గీతలు గీసి, అది ఎలా పనిచేస్తుందో 1914, 1915లో పేపర్లు రాశాడు. డి ఫారెస్ట్ ఆ చర్చలో వాదించాడు కానీ అంతకంటే మంచి వివరణ ఇవ్వలేకపోయాడు.

1934లో తీర్పు వచ్చాక ఆర్మ్‌స్ట్రాంగ్, రేడియో ఇంజనీర్ల సంఘం ఐఆర్ఈ ఇదే పనికి తనకిచ్చిన మెడల్‌ని తిరిగి ఇచ్చేద్దామని వాళ్ల సభకి వెళ్లాడు. వాళ్లు తీసుకోలేదు. మెడల్ మీదే, ఎందుకిచ్చామో మాకు తెలుసు అన్నట్టుగా, కోర్టు మాట పక్కనపెట్టి మళ్లీ ఆయన చేతికే ఇచ్చారు. సభలో ఉన్న ఇంజనీర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మీ చేతిలో ఉన్న ఫోన్‌లో కూడా ఆ ఊయల ఉంది. కాయిల్, కెపాసిటర్ చిప్‌లోకి ఇరుక్కున్నాయి, ట్యూబ్ బదులు ట్రాన్సిస్టర్లు తోస్తున్నాయి. సైజు మారింది, లాజిక్ అదే.

నేను కట్టిన సర్క్యూట్ ఈల వేసే క్లిప్ చివర్లో పెడుతున్నా. యాంటెన్నాకి కట్టలేదు, లైసెన్స్ లేకుండా అది నేరం, మీరూ కట్టొద్దు. హ్యామ్ లైసెన్స్ ఎలా తీసుకోవాలో అడుగుతున్నారు కాబట్టి వచ్చే ఎపిసోడ్ దాని మీదే. ల్యాబ్‌లో మీ హార్ట్‌లీ పనిచేసిందా, లేక మీరూ నా బ్యాచేనా, కామెంట్‌లో నిజం చెప్పండి. ఉంటా మరి.

[ట్యూబ్ ఆసిలేటర్ ఈల, కీతో మోర్స్]