విశాఖ పాతపట్నము



మన కార్యాలయములలోని వంగ సోదరులు దుర్గాపూజ సెలవులు వచ్చుచున్నవనగానే విశాఖపట్నమునకు టిక్కెట్లు కొందురు. తిరిగివచ్చి రామకృష్ణా బీచిని, కైలాసగిరిని, ఒడ్డున నిలిపి ప్రదర్శనశాలగా మార్చిన జలాంతర్గామిని గూర్చి తెలుగువారమైన మనకే వర్ణించి చెప్పుదురు. మనమును తల యూపుచు విందుము. కాని విశాఖ పుట్టిన చోటు వారు చూడలేదు. మనలో పెక్కుమందియు చూచి చాలకాలమైనది. పాత పోస్టాఫీసు చుట్టును, సముద్రమునకును రేవునకును నడుమ ఇరుకుగా ఇమిడియున్న పాతపట్నమే ఆ చోటు. వాడుకలో దానిని వన్‌టౌన్ అందురు. ఈ సాయంకాలము దానిని గూర్చి కొంత ముచ్చటింపదలచితిని.

ఆ పేటల పేర్లే చరిత్ర చెప్పును. కోటవీధి, బురుజుపేట, సోల్జర్‌పేట. పదునేడవ శతాబ్దపు చివర ఆంగ్ల వర్తకులు అచ్చట స్థావర మేర్పరచుకొనిరి. కోట పోయినది, బురుజు పోయినది, పేర్లు నిలిచినవి. 1780 అక్టోబరు 3వ తేదీన, హైదరాలీతోడి యుద్ధమునకై ఓడ నెక్కి మద్రాసు పొమ్మన్నప్పుడు, అచ్చటి సిపాయీలు తిరుగబడిరి. మన పొరుగుననున్న బారక్‌పూరులో బర్మా యుద్ధమునకు పొమ్మన్న సిపాయీలు ఎదురు తిరిగినది 1824లో. బారక్‌పూరు పేరు ప్రతి విద్యార్థియు నెరుగును; విశాఖ సిపాయీల మాట విశాఖలోనే ఎరిగినవారు తక్కువ.

రేవు ముఖద్వారమున ఒక దరిని డాల్ఫిన్స్ నోస్ కొండ యున్నది. దాని కెదుటి దరిని మూడు చిన్నకొండలు. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి, ఒకదానిపై ఇషాక్ మదీనా దర్గా, రాస్ కొండపై మేరీమాత గుడి. పూర్వము రేవు దాటు నావలు దర్గా నెదుట జెండాను ముమ్మారు దించి యెత్తి వందన మొనర్చెడివని చెప్పుదురు. నావికునకు తుపాను వేళ ఏ కొండ దీపము కనబడినను దైవమే కదా!

క్రింద బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారు. 1912లో బావిలో దొరకిన విగ్రహమనియు, 1917లో వీధి వెడల్పు చేయుటకై తొలగింపగా ప్లేగు వ్యాపించినదనియు, మరల యథాస్థానమున నిలుపగా శాంతించినదనియు స్థలకథ. గర్భాలయమునకు కప్పు లేదు. ఎవరి పసుపుకుంకుమలు వారే తమ చేతులతో అమ్మవారికి సమర్పింతురు, మధ్యవర్తి యక్కరలేదు. మార్గశిర గురువారములందు జాలరివనితయు, కురుపాం మార్కెట్టు బంగారు వర్తకుని ఇల్లాలును, పసిబిడ్డ నెత్తుకొన్న బాలింతయు ఒకే వరుసలో నిలుచుందురు. నాకు పాతపట్నపు అందమనగా ముందుగా ఆ వరుసయే కనులయెదుట మెదలును. సముద్రము తరువాతి మాట.

ఆ వీధుల యిండ్లకు అరుగులుండెడివి. ఉత్తర కలకత్తాలో రొవాకుపై అడ్డా సాగునట్లే, సాయంకాలము గాలి మొదలు కాగానే అచ్చట అరుగులు నిండెడివి. ఇరుకు వీధి యగుటచే ఈ యరుగు మాట ఆ యరుగునకు వినవచ్చెడిది. వియ్యములు, వివాదములు, చేపల ధరలు అన్నియు అచ్చటనే తేలెడివి. కొంత చాడీలును ఉండెడివనుకొనుడు.

రేవు కట్టుట సులభముగా సాగలేదు. అలలు కొట్టుకొనివచ్చు ఇసుక నాపుటకు రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా చేయవలసివచ్చినది. 1933లో 'జలదుర్గ' యను నౌక లోపలికి వచ్చినది. ఆ కాలముననే గార్డెన్‌రీచి కేంద్రముగా గల బెంగాల్ నాగపూర్ రైల్వే మన తాతలనేకులను ఖరగ్‌పూరునకును ఈ నగరమునకును చేర్చినది. వాల్తేరు డివిజను 2003 వరకును గార్డెన్‌రీచి యాజమాన్యముననే యుండెను.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపై బాంబులు వేసినవి. జనము మూటలు గట్టుకొని పల్లెలకు పారిపోయిరి. ఆ డిసెంబరులో కలకత్తాపైనను, మరుసటి డిసెంబరులో కిద్దిర్‌పూరు రేవుపైనను బాంబులు పడినవి. భయము తీరగానే పాతపట్నము వారు తిరిగివచ్చి అరుగులు కడిగి ముగ్గులు వేసికొనిరి.

బాంబులకు లొంగని పేట యిప్పుడు మెల్లమెల్లగా ఖాళీ యగుచున్నది. బొగ్గుపొడియు, ముడి యినుము ధూళియు ఆరవేసిన బట్టలపై, పసివాండ్ర ఊపిరితిత్తులలో చేరుచున్నవని అచ్చటివారు ఏండ్ల తరబడి మొరపెట్టుచున్నారు. పిల్లలు ఎం.వి.పి. కాలనీకిని, మధురవాడకును పోయిరి. కాని ధూళి నొక్కదానినే నిందించుట న్యాయము కాదు. ఇండ్లమ్మినవారిలో మనమును ఉన్నాము. కోటవీధిలో మా మేనత్తగారి యిల్లమ్మినప్పుడు పత్రములపై సంతకము చేసినవారిలో నేనొకడను. నేడది గిడ్డంగి. అరుగు తొలగించి ఇనుప తలుపు పెట్టిరి.

కావున ఒక విన్నపము. ఈ మారు పోవునప్పుడు తెల్లవారుజామున విశాఖలో దించు బండి యెక్కుడు. హోటలునకు పోకముందే చేపల రేవునకు పొండు, వేలముపాట వినుడు. అచ్చటినుండి బురుజుపేటకు వచ్చి అమ్మవారికి మీ చేతులతో పసుపు నద్దుడు. ఎండ ముదురకముందే దర్గా కొండ యెక్కుడు. పిల్లలను తప్పక వెంట గొనిపొండు. అరుగనగా నేమని వారడిగినచో, చూపుటకు కొన్ని యింకను మిగిలియున్నవి.